నాలుగో బెడ్ బెల్

మధ్యాహ్నం రెండుంబావు. ఆసుపత్రి నేల కింది అంతస్తులో, మందుల గోదాముకీ బట్టలుతికే గదికీ మధ్య ఇరుక్కున్న చిన్న గదిలో, డబ్బా సిస్టర్ నేలంతా కాగితాలు పరుచుకుని ముక్కాలిపీట మీద కూర్చుంది. మోకాళ్లు సలుపుతున్నాయి. ఒళ్లు మండుతోంది. పక్కగదిలో ఉతుకుడు యంత్రం గిరగిరా తిరుగుతుంటే, ఆ చప్పుడు తన బుర్రలోంచే వస్తున్నట్టుంది.

లిఫ్టు తలుపు పక్కన ప్రతి అంతస్తులోనూ ఒక నీలిరంగు రేకు డబ్బా ఉంటుంది. ఇంటికెళ్లే రోగులు తమ అభిప్రాయం రాసి అందులో వేసి వెళ్లాలి. రోజూ పొద్దున్నే వాటి తాళాలు తీసేది ఈవిడే కాబట్టి ఆసుపత్రంతా ఆవిణ్ణి డబ్బా సిస్టర్ అంటారు. అంతకుముందు ఇరవై రెండేళ్లు ఆపరేషన్ వార్డుల్లో పనిచేసింది. ఆవిడ అడుగు చప్పుడు వినిపిస్తే జూనియర్ డాక్టర్లు సైతం చొక్కా గుండీలు సవరించుకునేవారు. మోకాళ్లు మొరాయించాక, కుర్చీలో కూర్చుని చేసే పని అని చెప్పి ఇక్కడికి పంపారు.

కుర్చీ బాగానే ఉంది. పనే ఆవిడకి అరగలేదు.

అభిప్రాయం కాగితానికి ముందువైపు బెడ్ నంబరు, తేదీ, వరసగా అయిదు మొహాలు ఉంటాయి. మొదటిది ఏడుపు మొహం, చివరిది పళ్లన్నీ బయటపెట్టి నవ్వే మొహం. వాటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. వెనకవైపు ‘మీ సూచనలు’ అని రెండు గీతలుంటాయి. కంప్యూటర్లోకి ఎక్కేది ముందువైపు మాత్రమే. ఆ టిక్కు కూడా చాలాసార్లు రోగి పెట్టడు. చేతికి సూదీ, దానిమీద ప్లాస్టరూ ఉంటాయి కదా, “ఇటివ్వమ్మా, నే పెడతా” అని ఆయాయే నవ్వే మొహానికి టిక్కు కొట్టేస్తుంది. అందుకే ఈ ఆసుపత్రికి నూటికి తొంభై ఎనిమిది నవ్వులు.

మొదటి నెలలో డబ్బా సిస్టర్ వెనకవైపు రాతలు కూడా కంప్యూటర్లో కొట్టబోయింది. నాణ్యత విభాగం మేనేజరు వచ్చి చూశాడు. ముప్పై ఏళ్లు దాటని కుర్రాడు, రోగుల్ని ‘వినియోగదారులు’ అంటాడు. “వెనకవైపుకి చోటు లేదు సిస్టర్. ముందువైపు కొట్టండి చాలు” అన్నాడు.

“మరి వెనకవైపు ఎవరు చదవాలి బాబూ?”

“అది పైవాళ్లు చూసుకుంటారు.”

ఆ పైవాళ్లకే ఉత్తరం రాసింది. తొమ్మిది రోజులకి అది మూడు ముద్రలు గుద్దించుకుని, ‘సంబంధిత విభాగం తగు చర్య తీసుకోగలరు’ అనే మాటతో తిరిగి ఆవిడ బల్ల మీదకే వచ్చింది. సంబంధిత విభాగం అంటే ఆవిడే. తను రాసిన ఉత్తరం మీద తనే చర్య తీసుకోవాలి. ఆరోజు నుంచీ వెనకవైపు తిప్పి చూడటం మానేసింది.

ఇప్పుడు ఈ కాగితాల గోల దేనికంటే, రేపు తనిఖీ బృందం వస్తోంది. ఇన్నాళ్లూ వార్డుకో కట్టగా, తేదీల వరసలో పెట్టిన కాగితాల్ని బెడ్‌ల వారీగా పేర్చాలని పొద్దున్న మేనేజరు ఫోన్ చేశాడు.

“అన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కదా బాబూ” అంది.

“ఉన్నాయి సిస్టర్. అయినా బెడ్‌ల వారీగా ఉంటే చూడ్డానికి బాగుంటుంది.”

“ఎవరు చూస్తారు?”

“చూడరనుకోండి. ఉంటే బాగుంటుంది.”

తల ప్రాణం తోకకొచ్చింది. దానికి తోడు ఆవిడ మనసు ఇక్కడ లేదు. రెండో అంతస్తులో, ఆడవాళ్ల ఆపరేషన్ వార్డులో ఉంది.

అక్కడ పదకొండో బెడ్ మీద వాళ్ల వదిన పడుకుని ఉంది. గొంతు దగ్గర థైరాయిడ్ గడ్డ పెరిగితే పొద్దున్న ఎనిమిదింటికి ఆపరేషన్ చేశారు. పన్నెండింటికి వార్డుకి తెచ్చారు. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగిందని పెద్ద డాక్టరు చెప్పి, వదినతో ఒక్క మాట గట్టిగా అన్నాడు. “ఈ పూటంతా మాట్లాడొద్దు. గొంతు కుదుటపడే దాకా అరవడం అసలే కుదరదు. మెడ బిగుసుకుంటున్నట్టు అనిపించినా, ఊపిరి ఆడనట్టు ఉన్నా, క్షణం ఆలస్యం చేయకుండా బెల్ నొక్కండి. లోపల రక్తం చేరితే అది గొంతు గొట్టాన్ని నొక్కేస్తుంది. అప్పుడు మనకి ఉండేవి నిమిషాలే.” ఇదంతా డబ్బా సిస్టర్‌కి కొత్త కాదు. కానీ తన ఇంటి మనిషికి చెబుతుంటే వినడం కొత్త.

ఆ బెడ్ ఇప్పించింది కూడా తనే. పదకొండో బెడ్ అంటే వార్డులో అందరికీ మోజు. కిటికీ పక్కన మూలగా ఉంటుంది, లావుపాటి స్తంభం అడ్డం, ఎవరి గొడవా తగలదు. “పదకొండులో పడుకున్నవాళ్లు బెల్ కూడా కొట్టరు సిస్టర్, అంత హాయి” అని వార్డు సిస్టర్ ఎన్నోసార్లు మురిసిపోయింది. ఆవిణ్ణి బతిమాలి మరీ ఆ బెడ్ సంపాదించింది.

వదిన సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఆవిడకి ఈ లోకంలో నచ్చినది ఏదీ లేదు. పెళ్లిచూపుల్లో అన్నయ్యని చూసి “చెవులు కాస్త పెద్దవి” అందట. ముప్పై ఏళ్లయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నిన్న సాయంత్రం ఆసుపత్రిలో చేరిన గంటకే ఫోన్ చేసింది.

“మరదలా, ఈ దిండు రాయిలా ఉంది. ఫ్యాను కుయ్యోమంటోంది. మంచినీళ్ల కోసం బెల్ నొక్కితే ఒక్కత్తీ రాలేదు.”

“వస్తార్లే వదినా. వాళ్లకి నువ్వొక్కదానివే కాదు.”

“నాలుగుసార్లు నొక్కాను.”

“నీకు ఆ బెడ్ ఇప్పించడానికి నేను ఎవరెవరి కాళ్లావేళ్లా పడ్డానో తెలుసా? కాసేపు పడుకోరాదూ.”

“పడుకుంటాలే. బెల్ మాత్రం మోగట్లేదు, చెప్పలేదనకు.”

డబ్బా సిస్టర్ ఆ మాట చెవిన వేసుకోలేదు. దిండు పక్కనా ఫ్యాను పక్కనా పెట్టేసి మర్చిపోయింది.

రెండున్నర దాటింది. ఆడవాళ్ల వార్డు కట్ట చేతికొచ్చింది. నాలుగు నెలల కాగితాలు. ఒకటో బెడ్, రెండో బెడ్ అనుకుంటూ పేకముక్కలు పంచినట్టు నేల మీద పంచుకుంటూ పోయింది. పదకొండో బెడ్‌వి ఒకచోట చేర్చి క్లిప్పు పెట్టబోతే క్లిప్పు ఠప్పున విరిగింది. కాగితాలు జారి, సగం వెనక్కి తిరగబడి కింద పడ్డాయి.

“దరిద్రపు క్లిప్పు” అనుకుంటూ వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

‘బెల్ మూడుసార్లు నొక్కాను. ఎవరూ రాలేదు.’

దాని పక్క కాగితం మీద వేరే దస్తూరీ. ‘మంచం బాగుంది. బెల్ అలంకారానికి పెట్టారా?’

ఇంకోటి, పిల్లల రాతలా పెద్ద పెద్ద అక్షరాలు. ‘దాహం వేసి నొక్కినాను. రాలేదు. పొరుగు మంచం ఆమె లేచినాక నీళ్లు ఇచ్చింది.’

ముందువైపు తిప్పింది. అన్నిటికీ పళ్లన్నీ బయటపెట్టి నవ్వే మొహం మీద టిక్కు. ఆయా టిక్కు.

పదో బెడ్ కాగితాలు తిరగేసింది. ఫ్యాను, దోమలు, చల్లారిన టీ. బెల్ ఊసే లేదు. పన్నెండులోనూ లేదు. గబగబా మిగతావి తిరగేసింది. బెల్ అనే మాట మళ్లీ కనబడింది ఒక్క నాలుగో బెడ్ దగ్గరే.

‘నేను బెల్ నొక్కలేదు. నొక్కానని మూడుసార్లు తిట్టారు.’

‘సిస్టర్లు మంచివారే, కానీ పిలవకుండా వచ్చి ఎందుకు పిలిచావని కోప్పడుతున్నారు.’

‘నా బెల్ తీగ పీకి, అందకుండా పైన మేకుకి కట్టేశారు. అయినా మోగింది. నా పిల్లల మీద ఒట్టు, నేను కాదు.’

నాలుగో బెడ్ కాగితాలు ఎడమ చేతిలో, పదకొండో బెడ్‌వి కుడి చేతిలో పట్టుకుంది. తేదీలు చూసింది. రెండు కట్టల్లోనూ మొదటి ఫిర్యాదు ఒకే వారం నాటిది. నాలుగు నెలల కిందటిది. ఆ వారమే వార్డుకి రంగులు వేశారు. రంగులు వేసేటప్పుడు గోడల మీది బెల్ పెట్టెలన్నీ ఊడదీసి మళ్లీ బిగించారు.

పదకొండులో నొక్కితే నాలుగులో మోగుతోంది.

నాలుగు నెలలు. ఇరవై ఆరుమంది మనుషులు, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు, సగం సగం చొప్పున ఈ సంగతి చెప్పారు. ఆ రెండు సగాలూ రోజూ తన చేతుల్లోంచే వెళ్లాయి. ఒకటి సోమవారం, ఇంకొకటి గురువారం. తను నవ్వే మొహాలు లెక్కపెట్టింది.

వదిన ఒక్కతే తన సగం నోటితో, ఫోన్లో, నేరుగా చెప్పింది.

ఫోన్ అందుకుని వార్డుకి కొట్టింది. ఎంగేజు. మళ్లీ కొట్టింది. ఎంగేజు. మూడోసారికి వార్డు సిస్టర్ ఎత్తింది.

“ఇందాకటి నుంచి ఎవరితో మాట్లాడుతున్నావే?”

“మేనేజరుగారు సిస్టర్. గోడకి కట్టే బ్యానరు ఎంత ఎత్తులో ఉండాలో చెబుతున్నారు.”

“పదకొండో బెడ్ ఎలా ఉంది?”

“మీ వదినగారా? హాయిగా ఉన్నారు. రెండింటికి చూశాను. మళ్లీ మూడింటికి చూస్తాను. ఒక్కసారి కూడా బెల్ కొట్టలేదు, పాపం ఆవిడ గురించి మీరు చెప్పినవన్నీ అబద్ధాలే. నన్ను చంపుతున్నది ఈ నాలుగు. ఆ ముసలమ్మ నిద్రపోతోంది, తీగ కూడా కట్టేశాం, అయినా పది నిమిషాల నుంచి ఆగకుండా మోగుతూనే ఉంది. పిచ్చి బెల్.”

డబ్బా సిస్టర్ పీట మీంచి లేచి నిలబడింది.

“విను. ఫోన్ పక్కన పడేసి పదకొండుకి పరిగెత్తు. ఆ మోగేది మా వదిన.”

“అదేంటి సిస్టర్, మోగేది నాలుగు...”

“నాలుగు కాదే తల్లీ, వైర్లు మారాయి. కుట్లు విప్పే ట్రే పట్టుకెళ్లు. డ్యూటీ డాక్టర్ని పిలువు. ఆక్సిజన్ పెట్టు. పరిగెత్తు.”

ఫోన్ కింద పడ్డ చప్పుడు వినిపించింది. ఆ వెనకాలే చెప్పుల చప్పుడు.

డబ్బా సిస్టర్ లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి దాని తలుపులు సగం తెరుచుకుని ఆగిపోయి ఉన్నాయి. ఇద్దరు మనుషులు ఒక నిచ్చెనా, చాపలా చుట్టిన పొడుగాటి బ్యానరూ లోపలికి దూర్చాలని కిందామీదా పడుతున్నారు. బ్యానరు కొస విప్పుకుని అక్షరాలు కనబడుతున్నాయి. ‘పదకొండు నెలలు. సున్నా ఫిర్యాదులు.’

“దిగండి బాబూ, ప్రాణం మీదకొచ్చింది.”

“ఇరుక్కుపోయిందమ్మా. అటూ రాదు, ఇటూ రాదు.”

మెట్లెక్కింది. మూడు అంతస్తుల మెట్లు. ప్రతి మెట్టుకీ మోకాలు లోపల ఎవరో సూది పొడిచినట్టుంది. ఎక్కుతూనే తనని తాను తిట్టుకుంది, మేనేజరుని తిట్టింది, రంగులు వేసినవాణ్ణి తిట్టింది, దారిలో ఎదురొచ్చి “ఏంటి సిస్టర్, మోకాళ్లు తగ్గాయా?” అని నవ్విన మందుల గోదాము గుమాస్తాని కూడా తిట్టింది.

వార్డులో నేల తడిగా మెరుస్తోంది. తనిఖీ కోసం కడుగుతున్నారని రోగుల తాలూకు మనుషులందర్నీ నాలుగింటి దాకా బయటికి పంపేశారు. అన్నయ్య కూడా వాళ్లతోనే పోయాడు. వదిన ఫోనూ కళ్లజోడూ ఆయన సంచిలోనే ఉన్నాయి. సిస్టర్ల బల్ల వెనక గోడకి బెల్ బోర్డు. నాలుగో నంబరు దీపం మీద ఎవరో ప్లాస్టరు ముక్క అంటించారు. ఆ ప్లాస్టరు కిందనుంచి దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది. మోత వినబడకుండా గంట చిల్లుల్లో దూది కుక్కారు. మూసిన గదిలో ఈగలా అది ‘గుయ్’ మంటూనే ఉంది.

స్తంభం పక్కకి తిరిగింది.

వదిన లేచి కూర్చుని ఉంది. మొహానికి ఆక్సిజన్ ముసుగు. మెడ ఒకవైపు గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉబ్బింది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి లోపలికి పోతుంటే ఈల వేసినట్టు చప్పుడు. కళ్లు మాత్రం బాగా తెరుచుకుని, మరదలు కనపడగానే ఆవిడ మీదే నిలబడ్డాయి. వార్డు సిస్టర్ ట్రే పట్టుకుని మంచం పక్కన నిలబడింది. డ్యూటీ డాక్టరు, చదువు పూర్తయి ఏడాది కూడా కాని అమ్మాయి, ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడింది.

“పెద్ద డాక్టరుగారు థియేటర్లో ఉన్నారట సిస్టర్. పది నిమిషాల్లో వస్తామంటున్నారు.”

“పది నిమిషాలు ఈవిడ దగ్గర లేవు డాక్టరుగారూ. ఇక్కడే కుట్లు విప్పేయండి.”

“బెడ్ మీదా? నేనెప్పుడూ...”

“నేను మూడుసార్లు చూశాను. పై కుట్లు కత్తిరించండి, లోపలి కుట్లు కూడా. గడ్డకట్టిన రక్తం దానంతటదే బయటికొస్తుంది. మీ చెయ్యి వణికినా ఫర్వాలేదు, ఆగొద్దు. నేను పట్టుకుంటాను.”

డాక్టరమ్మాయి ఒక్కసారి ఊపిరి పీల్చుకుని ఫోన్ మంచం మీద పడేసింది. కత్తెర అందుకుంది. ఒకటి, రెండు, మూడు. లోపలి పొర తెగగానే నల్లటి రక్తం గడ్డలుగా దూకింది. దుప్పటి, డాక్టరమ్మాయి చేతులు, డబ్బా సిస్టర్ చీర అన్నీ తడిశాయి. ఆ తర్వాత వదిన గుండెల నిండా ఒక ఊపిరి పీల్చింది. ఈల చప్పుడు లేదు. ఇంకో ఊపిరి. పెదాల నీలం మెల్లగా వదిలింది.

అప్పుడు కనబడింది వదిన కుడి చెయ్యి. బెల్ స్విచ్చి పిడికిట్లో ఉంది. బొటనవేలు ఇంకా నొక్కుతూనే ఉంది. గోరు పాలిపోయింది. డబ్బా సిస్టర్ ఆ వేలు మెల్లగా విడదీసింది. అటు దూరంగా బల్ల దగ్గర ‘గుయ్’ మనే చప్పుడు టక్కున ఆగిపోయింది.

వార్డు సిస్టర్ తల తిప్పి బోర్డు వైపు చూసింది. నాలుగో దీపం ఆరిపోయింది. ట్రే కింద పెట్టి, మొహం చేతుల్లో దాచుకుంది.

వదినని థియేటరుకి తీసుకెళ్లారు. రక్తం కారుతున్న నరాన్ని కట్టి, మళ్లీ కుట్లు వేసి, అయిదింటికి బయటికి తెచ్చారు. ప్రమాదం లేదన్నారు. అన్నయ్య వరండాలో బల్ల మీద కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుని, “నన్ను బయటికి పొమ్మన్నారు, పోయాను. పోకుండా ఉండాల్సింది కదూ?” అని అడిగినవాళ్లనీ అడగనివాళ్లనీ అడుగుతున్నాడు.

మేనేజరు వచ్చాడు. మొహం చేటంత చేసుకున్నాడు.

“సిస్టర్, చాలా గొప్ప పని చేశారు. పైవాళ్లకి చెప్పాను. మీకు ప్రశంసాపత్రం ఇస్తారు.”

“ఎలక్ట్రీషియన్ని పిలవండి బాబూ.”

“పిలిచాను. వచ్చాడు.”

ఎలక్ట్రీషియన్ వచ్చాడు కానీ బోర్డు ముట్టుకోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నంబరు కావాలమ్మా. ఫిర్యాదు నంబరు లేకుండా పని ముడితే నాకు మెమో ఇస్తారు. మొన్న కొళాయి కారుతుంటే ఊరికే బిగించినందుకు ఇచ్చారు.”

డబ్బా సిస్టర్ మేనేజరు వైపు తిరిగింది. ఫిర్యాదు నంబరు వేసేది అతనొక్కడే. పదకొండు నెలల సున్నాకి కారణం కూడా అదే.

“వెయ్యండి నంబరు.”

“వేస్తాను సిస్టర్. ఎల్లుండి. రేపు ఒక్కరోజు తనిఖీ అయిపోనివ్వండి. అయినా ప్రాణం దక్కింది కాబట్టి రూల్స్ ప్రకారం ఇది ఫిర్యాదు కిందకి రాదు. సంఘటన కిందకి వస్తుంది.”

“ఎల్లుండి దాకా పదకొండులో ఎవర్ని పడుకోబెడదాం? మీరు పడుకుంటారా?”

“ఆ బెడ్ ఖాళీగా ఉంచుదాం.”

“నాలుగో బెడ్ ముసలమ్మ నొక్కితే ఎక్కడ మోగుతుందో తెలుసా మీకు?”

అతనికి తెలియదు. ఎవరికీ తెలియదు. ఆవిడ తీగ మేకుకి కట్టేసి ఉంది.

వార్డు సిస్టర్ ఒక అడుగు ముందుకొచ్చింది. “తప్పు నాది కూడా సిస్టర్. నేను ఈ వార్డుకొచ్చిన రోజే నాకు చెప్పారు, నాలుగు పిచ్చిది, మోగితే పోవక్కర్లేదని. నా తర్వాత డ్యూటీకొచ్చినవాళ్లకి నేనూ అదే చెప్పాను. రాసి పెడదామనుకున్నాను ఒకసారి. రాస్తే ఫిర్యాదులు లేని వార్డని ఇచ్చిన షీల్డు పోతుందని అందరూ మొత్తుకున్నారు.”

“నీదొక్కదానిదే కాదులే” అంది డబ్బా సిస్టర్. “నాకు నిన్న ఫోన్ చేసి మరీ చెప్పింది మా వదిన. ఆవిడకి అన్నిటికీ వంకలే అని ఫోన్ పెట్టేశాను.”

చంకలో ఉన్న కాగితాల కట్ట తీసి మేనేజరు చేతిలో పెట్టింది. కింద గదినుంచి మెట్లెక్కుతూ తెచ్చిందో, తర్వాత వెళ్లి తెచ్చుకుందో ఆవిడకే గుర్తులేదు.

“బెడ్‌ల వారీగా పేర్చమన్నారు కదా. పేర్చాను. వెనకవైపు చదవండి. పైకి చదవండి, అందరం వింటాం.”

అతను మొదటిది చదివాడు. రెండోది చదివాడు. ‘దాహం వేసి నొక్కినాను’ దగ్గర గొంతు తగ్గింది. ‘నా పిల్లల మీద ఒట్టు’ దగ్గర ఆగిపోయాడు. కట్టలో ఇంకా చాలా ఉన్నాయి. వాటివైపు చూశాడు, గోడకి సగం కట్టిన బ్యానరువైపు చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

“రిజిస్టరు నా గదిలో ఉంది” అన్నాడు మెల్లగా.

“తెప్పించండి.”

తెప్పించారు. కొత్త పుస్తకం, అట్ట మీద రేపరు కూడా విప్పలేదు. మొదటి పేజీ తెరిచి రాశాడు. ఎలక్ట్రీషియన్ మెడ చాచి చూశాడు.

“ఒకటా?” అన్నాడు. “మూడు వందల మంచాలు, పదకొండు నెలలు. ఒకటా సార్?”

అతను పెట్టె విప్పి, రెండు వైర్లు అటుదిటూ ఇటుదటూ మార్చి, మూత బిగించాడు. నాలుగు నిమిషాలు పట్టింది.

మర్నాడు తనిఖీ బృందం వచ్చి వెళ్లింది. పెద్దాయన రిజిస్టరు తిరగేసి, “ఒక్కటే ఉందే, మిగతావి ఏవి?” అని అడిగాడట. మేనేజరు ఏం చెప్పాడో తెలియదు కానీ మధ్యాహ్నానికి బ్యానరు దిగిపోయింది.

సాయంత్రం డబ్బా సిస్టర్ పదకొండో బెడ్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. వదిన మాట్లాడకూడదు కాబట్టి అట్టకి కాగితాలు తగిలించి పెన్ను ఇచ్చారు. ఆవిడ రాసిన మొదటి మాట, ‘నిన్నగాక మొన్నే చెప్పాను.’

“చెప్పావు వదినా.”

‘చెప్పలేదనకు అన్నాను.’

“అనను.”

వదిన కాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. మళ్లీ రాసింది. ‘దిండు రాయి. ఫ్యాను కుయ్యో. టీ చల్లగా ఉంది. మీ అన్నయ్య కళ్లజోడు ఇవ్వలేదు, ఇప్పుడు కూడా.’

డబ్బా సిస్టర్ ఒళ్లోంచి సొంత కాగితం తీసి వరసగా రాసుకుంది. దిండు. ఫ్యాను. టీ. అన్నయ్య కళ్లజోడు దగ్గర ఆగి, అది కూడా రాసుకుంది.

వదిన అనుమానంగా చూసి, దిండు పక్కనున్న స్విచ్చి అందుకుని నొక్కింది. దూది తీసేసిన గంట వార్డంతా దద్దరిల్లేలా మోగింది. పదకొండో దీపం వెలిగింది. వార్డు సిస్టర్ చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చింది.

“ఏం కావాలమ్మా?”

వదిన రాసి చూపించింది. ‘ఏమీ వద్దు. వస్తారో రారో చూశాను.’

ఈ పూటకి అది తొమ్మిదోసారి. వార్డు సిస్టర్ డబ్బా సిస్టర్ వైపు చూసింది. దేవుడా అన్నట్టు ఉంది ఆ చూపు. “సరేనమ్మా” అని వెళ్లిపోయింది.

డబ్బా సిస్టర్ పెన్ను తీసి కాగితం మీద ఇంకో వరస రాసుకుంది. పదకొండో బెడ్. బెల్ మోగింది. మనిషి వచ్చింది.